దుప్పటికి అవతలి కొస

“ఫోను ఇటివ్వమ్మా, నేనే ఎక్కిస్తాను,” అన్నాడు అల్లుడుగారు.

“నా ఫోను నా చేతిలోనే బాగుంటుందండీ,” అంది కొత్తగా పనిలో చేరిన మనిషి.

లాండ్రీలో ఆడవాళ్లంతా పని ఆపి చూశారు. ఆవిరి యంత్రం మాత్రం తన మానాన తాను బుసకొడుతూనే ఉంది.

అల్లుడుగారంటే యజమానిగారి అల్లుడు. వ్యాపారం మామగారిది, పెత్తనం అల్లుడుగారిది. హోటళ్ల దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టే ఆడవాళ్ల ఆరోగ్యం మీద ఆయనకి ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది. ఆరోగ్యం యాప్ ఒకటి తెచ్చాడు. ఎంతసేపు నిద్రపోయారు, ఏ మందులు మింగుతున్నారు, నెలసరి ఎప్పుడొచ్చింది, అన్నీ అందులో పెట్టాలట.

“అంతా మీ మంచికే. దాచుకునేదేమీ లేకపోతే భయమెందుకు?”

“దాచుకునేది లేకపోయినా స్నానానికి తలుపేసుకుంటాం కదండీ.”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ రోజు నుంచి ఆమె పేరు తాళం అయింది.

పేరుతోపాటు పుకారూ పుట్టింది. “ఏదో పెద్ద రోగమే ఉంది. లేకపోతే అంత మొండితనమా?”

పెద్ద దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి, చెరో కొసా పట్టుకోవాలి. తాళం పట్టిన దుప్పటికి అవతలి కొస పట్టుకోవడానికి ఎవరూ రాలేదు. చివరికి పెద్దక్క వెళ్లి పట్టుకుంది.

ఆ లాండ్రీలో అందరికంటే పెద్దది కాబట్టి పెద్దక్క. తాళం కాక యాప్ ఎక్కించుకోనిది ఆమె ఒక్కతే. ఫోను పాతదనీ, ఛార్జింగు నిలవడం లేదనీ రోజుకో సాకు చెబుతోంది. అసలు సంగతి వేరు. ఆమె రొమ్ములో గడ్డ తీయించుకుంది. అది తెలిసే, వెనక పనిచేసిన చోట “ఇంట్లో విశ్రాంతి తీసుకోమ్మా” అని తీయగా సాగనంపారు. ఇక్కడా అదే జరిగితే ఇంట్లో పొయ్యి వెలగదు.

దుప్పటి మడిచేటప్పుడు కొసలు కలిసినంతసేపే ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు.

“అక్కా, నిన్న బల్ల మీద నీ ఫోను వెలిగింది. ఆసుపత్రి మెసేజీ పైనే కనబడుతోంది. చదవకుండా బోర్లా పెట్టాను. ముందు దాని నోరు మూయిద్దాం.”



భోజనాల వేళ తాళం పెద్దక్క పక్కన కూర్చుని, ఆమె చేతే అన్నీ చేయించింది. తెర మీద మెసేజీలు కనబడకుండా ఆపించింది. రిపోర్టుల ఫొటోలను పాస్‌వర్డు ఉన్న ఫోల్డరులోకి మార్పించింది. అవి ఇంకెక్కడికో వాటంతటవే కాపీ కాకుండా చూసింది. ఏ యాప్ ఫోనులో ఏమేం చూస్తోందో వెతికించి, అక్కర్లేని అనుమతులన్నీ తీయించింది. ఒక్కసారి కూడా ఆ ఫోను తన చేతిలోకి తీసుకోలేదు.

“టార్చిలైటు యాప్‌కి నా ఫొటోలు దేనికే?”

“అదే మరి! దీపం పట్టుకోమంటే ఇల్లంతా సోదా చేస్తోంది.”

ఇంత జాగ్రత్త తెలిసినదానికి తనకంటే పెద్ద జబ్బే ఉండి ఉంటుందనుకుంది పెద్దక్క. అడగడానికి మనసొప్పలేదు.

కొన్నాళ్లకి అల్లుడుగారు తాళాన్ని అందరి ముందూ నిలబెట్టాడు.

“యాప్ వద్దులే. ఏ జబ్బూ లేదని డాక్టరు దగ్గర కాగితం తెచ్చి చూపించు. లేదంటే రేపటి నుంచి రాకు.”

“నా కష్టం మీకిస్తానండీ. నా ఒళ్లు నాది.”

ఏప్రన్ విప్పి, చక్కగా మడిచి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. పెద్దక్క తల దించుకుని పని చేసుకుంటూనే ఉండిపోయింది.

మరునాడే అల్లుడుగారు కొత్తకోడల్ని పిలిచాడు. ఈమధ్యే పెళ్లయిందని ఆ పిల్లని అందరూ అలా పిలుస్తారు.

“నీకు నెల తప్పినట్టుంది, యాప్ చెప్పింది. ఇంక బరువులు మోయలేవు. కాన్పయ్యాక కనబడు.”

ఆ పిల్ల చెయ్యి కడుపు మీదికి పోయింది. ఆ కబురు ఇంకా మొగుడికే చెప్పలేదు!

పెద్దక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. పట్టుకున్న కొస వదిలేసింది.

“ఏమయ్యా, కట్టుకున్నవాడికంటే ముందు నీకు తెలిసిందా శుభవార్త?”

“నువ్వు మధ్యలో రాకు. అసలు నువ్వింకా యాప్...”

“ఎక్కించుకోలేదు. ఎక్కించుకోను. ఫోను బ్రహ్మాండంగా ఉంది. ఎందుకు ఎక్కించుకోనో చెప్పను కూడా!”

కొత్తకోడలు కళ్లు తుడుచుకుని యాప్ తీసేసింది. పక్కావిడ తీసేసింది. ఆ పక్కావిడా తీసేసింది. చేతుల్లోని దుప్పట్లన్నీ నేలపాలయ్యాయి. సాయంత్రానికి హోటళ్ల నుంచి ఫోన్ల మీద ఫోన్లు. మామగారు పరిగెత్తుకొచ్చారు. కొత్తకోడలి ఉద్యోగం నిలిచింది, అల్లుడుగారి ఆరోగ్యం యాప్ మాత్రం అక్కడికక్కడే ప్రాణం విడిచింది.

తాళం జాడే ఎవరికీ తెలియలేదు.

పెద్దక్క తన పరీక్షకి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఒక గదిలో తాళం కనబడింది. మంచం మీద పడుకుని ఉంది, చేతికి సూది. అనుకున్నంతా అయిందని పెద్దక్క కళ్లు చెమర్చాయి.

“ఎప్పటి నుంచే ఈ జబ్బు?”

“జబ్బుంటే నా రక్తం ఎందుకు తీసుకుంటారక్కా? ఏటా వచ్చి ఇచ్చిపోతాను,” అని నవ్వింది తాళం.

అప్పుడు చూసింది పెద్దక్క. రక్తం ఆమెకి ఎక్కడం లేదు, ఆమె నుంచి సంచిలోకి దిగుతోంది.

“మళ్లీ వచ్చెయ్యవే. ఇప్పుడు నీ అవతలి కొసకి అందరూ పోటీ పడతారు.”

“వేరే ఊళ్లో పని దొరికిందక్కా. రేపే ప్రయాణం.”

“నీ మొండితనం పాడుగానూ! ఇంత ఆరోగ్యం పెట్టుకుని, ఆ కాగితం ముక్కేదో వాడి మొహాన కొడితే ఉద్యోగం ఉండేది కదే?”

“ఉండేది,” అంది తాళం. “కానీ నేను చూపించేస్తే, చూపించనిదానివి నువ్వొక్కదానివే మిగిలేదానివి.”