ఫ్యాను ఆపిన చెయ్యి

"మళ్ళీ ఫ్యాను ఆపేశారా అత్తయ్యా?"

సియోల్‌లో ఆ డాబా మీది ఒంటిగదిలో, మిట్టమధ్యాహ్నం, బోరమ్ చెమటలో తడిసి లేచింది. పక్కన మూడు నెలల పాప ఒంటినిండా చెమటకాయలు.

"మూసిన గదిలో ఫ్యాను పెట్టుకుని నిద్రపోతే ఊపిరాగి పోతారే," అంది అత్త సునిమ్. అక్కడి పెద్దవాళ్ళ నమ్మకం అది.

"కిటికీ తీస్తే సెగ. ఫ్యాను ఆపితే ఉక్క. మరెట్లా చచ్చేది?"

"చుసొక్ పండగ ఇంకో వారమేగా. చల్లబడుతుంది, ఓర్చుకో."

"నెల్నాళ్ళుగా ఇదే పాట! అందాకా నా పాప ఉండొద్దూ?"

బోరమ్ ఏడుస్తూ ఫ్యాను మళ్ళీ పెట్టి, పాపని పొదువుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

మెలకువ వచ్చేసరికి వీపుకి చల్లగా గాలి తగులుతోంది.

"చూశారా, ఎవరూ పోలేదు," అంటూ ఇటు తిరిగింది.

ఫ్యాను మళ్ళీ ఆగి ఉంది. సునిమ్ పక్కనే కూర్చుని విసనకర్ర విసురుతోంది. నొప్పెట్టిన కుడిచెయ్యి ఒళ్ళో వాలిపోయి ఉంటే, ఎడమచేత్తో విసురుతోంది.

"ఇదీ గాలేగా అత్తయ్యా?" బోరమ్ గొంతు తగ్గింది.

"గాలే. కానీ దీని వెనక ఒక మనిషి మేలుకుని ఉంటుంది కదే."

బోరమ్ ఆమె చేతిలోంచి విసనకర్ర తీసుకుంది. లేచి ఫ్యాను పెట్టింది.

"మీరు పడుకోండి అత్తయ్యా. నేను మేలుకుని ఉంటాను."