మారిన చీరకు పసుపు

పొద్దున్నే వాకిలి ఊడుస్తున్న చెల్లాయమ్మ ఒంటిమీద చీర ఉన్నట్టుండి రంగు మారింది. ఉప్పాడలోనే కాదు, ఓ పెద్ద కంపెనీ దూరం నుంచే రంగులు మార్చే ఆ చీరలున్న ప్రతి ఇంట్లోనూ అదే క్షణాన మారింది. పాత డిజైనర్‌ను తీసేసి, ఆ చోట చెల్లాయమ్మ కోడలు హంసవేణిని పెట్టారు. ఇవి ఆమె తొలి రంగులు. కొంగు నలిపితే ఆ రంగు వద్దన్నట్టు కంపెనీకి తెలుస్తుంది; మధ్యాహ్నంలోగా సగంమంది అలా వద్దంటే ఆమె ఉద్యోగం పోతుంది.

జరీ నెమళ్లు పోయి, అల వెనక్కి పోయాక మిగిలే తడి ఇసుక రంగు వచ్చింది.

"ఇదేం చీర వదినా! కల్లాపి నీళ్లు చల్లినట్టుంది. నేను నలిపేత్తన్నాను," అని గోడవతల నుంచి సీతారత్నం కేకేసింది.

గదిలో కంప్యూటర్ తెర ముందు కూర్చున్న హంసవేణికి ఆ మాట వినబడింది. "అత్తా, నువ్వూ నలిపెయ్. నాకోసమని ఉంచుకోకు," అంది.

చెల్లాయమ్మ వంటింట్లోకెళ్లి వేలికి పసుపు అద్దుకొచ్చి, కొంగు మూల బొట్టు పెట్టింది. చీరలు వాటంతటవే మారడం మొదలయ్యాక ఆ పని అందరూ మరిచిపోయారు.

"పసుపెందుకు? పాత చీరేగా!" అంది గోడ మీంచి చూసిన సీతారత్నం.

"పాతది నిన్నటితో పోయింది. కొత్తబట్టకి పసుపెట్టి, ఓ పూటైనా కట్టకుండా బాలేదంటారటే?"

కొంగు నలపబోయిన సీతారత్నం చెయ్యి ఆగింది. కాసేపటికి గోడవతల నుంచి మళ్లీ ఆమె కేక వినబడింది, ఈసారి కూతురికి.

"ఒసేయ్ రాజీ, పసుపు డబ్బా ఎక్కడెట్టావే?"