దిద్దుబాటులో ఉన్న పేజీ

కాంతమ్మగారు పోయి మూడు వారాలైనా లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఇన్‌చార్జిగా ఆవిడ పేరే ఉంది. తెల్లారేసరికి తీసెయ్యమని ఆఫీసరు గట్టిగా చెప్పడంతో, మునిర్కాలో ఇంటికెళ్ళే ఆఖరి బస్సు కూడా వదులుకుని రేవతి ఒక్కతే లైబ్రరీలో కూర్చుంది. ఆవిడ చివరిచూపుకి వెళ్ళలేకపోయిన తనకే ఈ పని పడింది.

పేజీ తెరవబోతే తెరమీద ఒక వాక్యం వచ్చింది. ‘ఈ పేజీని ఇప్పుడు కాంతమ్మ దిద్దుతున్నారు.’

కంప్యూటర్ సెక్షన్ సందీప్‌కి ఫోన్ చేసింది.

“పాత లాగిన్ ఇరుక్కుపోయుంటుంది దీదీ. మన సర్వర్ ఆవిడకన్నా ముసలిది. ‘బయటికి పంపు’ అని బటన్ ఉంటుంది, నొక్కెయ్యండి.”

“పాతదేంటి సందీప్! ఇవాళ రాత్రి తొమ్మిదింపావుకి తెరిచినట్టుంది.”

“నొక్కేసి ఇంటికెళ్ళండి దీదీ,” అన్నాడు మెల్లగా.

ఫోన్ పెట్టేశాక వినిపించింది. గోడవతల, తాళం వేసి ఉన్న కాంతమ్మగారి గదిలో, ఎవరో ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ టైపు చేస్తున్నారు. పెద్ద వయసులో కంప్యూటర్ నేర్చుకున్నవాళ్ళ చప్పుడది.

రేవతి వేలు బటన్ దగ్గరే ఆగింది. నొక్కితే ఆవిడని చేత్తో గెంటినట్టే.

“కానివ్వండి మేడమ్,” అంది గోడవైపు తిరిగి. “మీదయ్యేదాకా కూర్చుంటాను.”

చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది, ఈసారి నింపాదిగా.