సిగ్గరి పక్షి

"ఈ అద్దం పీకించెయ్యమని రాసేద్దామనే వచ్చాను," అంది డోన్యా ఓడిలి, కాఫీ కప్పు కింద పెడుతూ.

ఎలాదియో ఆ కప్పులో మళ్ళీ కాఫీ పోశాడు.

కోస్టారికా కొండల్లో, మబ్బులు కొమ్మల మధ్యే తిరిగే అడవిలో, ఒక్క చెట్టూ కొట్టకుండా కట్టిన హోటల్ అది. అడవి వైపు గోడంతా అద్దమే. ఎలాదియో అక్కడ గైడు. అక్కడివాళ్ళు గౌరవంగా 'డోన్యా' అని పిలిచే ఓడిలి తనిఖీకి వచ్చింది. అడవికి హాని లేదని ఆవిడ పచ్చాకు గుర్తు ఇవ్వకపోతే హోటల్ మూతపడుతుంది. ఊళ్ళో ముప్పై ఇళ్ళవాళ్ళు వీధిన పడతారు.

"అద్దంలో చెట్ల నీడ కనిపిస్తుంది. పక్షులు అదీ అడవే అనుకుని గుద్దుకుని చస్తాయి. ఎన్ని హోటళ్ళలో చూశానో!"

ఎలాదియో వేలెత్తి చూపించాడు. అద్దానికి అవతల, పొగమంచులో, చూరు పక్క కొమ్మ మీద పచ్చటి క్వెట్సల్ పక్షి. మూరెడు తోక కిందికి వేలాడుతోంది.

"ఓరి దేవుడా!" ఓడిలి చటుక్కున లేచింది. "నా ఉద్యోగం మొత్తంలో దీన్ని ఇంత దగ్గరగా చూళ్ళేదు. ఏమయ్యా, పళ్ళు ఎర వేస్తున్నారా ఏంటి?"

"ఒట్టు డోన్యా, మా చేతి పండు ఒక్కటి కూడా తినలేదు."

"రోజూ వస్తుందా?"

"ఏడాదిగా ఆ కొమ్మ మీదే ఉంటోంది."

ఒక్క అబద్ధం ఆడలేదు. అయినా అతని చెవులు వేడెక్కిపోయాయి.

ఓడిలి క్వెట్సల్ కూతలా సన్నగా ఈల వేసింది. పక్షి పలకలేదు.

"అబ్బో, పొగరు!"

"సిగ్గు, డోన్యా."

"దానికా, నీకా? నీ మొహం అలా కందిపోయిందేం?" అని నవ్వింది.

'అద్దం వల్ల పక్షులకు హాని లేదు' అని రాసి సంతకం చేసింది. అతని రెండు చేతులూ పట్టుకుంది.

"గోడ పక్కనే అది ఇంత నిబ్బరంగా కూర్చుందంటే, మీరు ఈ అడవిని ఎంత బాగా చూసుకుంటున్నారో తెలుస్తోందయ్యా."

ఎలాదియో చిన్నప్పటి నుంచీ ఈ అడవిలోనే తిరిగాడు. ఇంతగా తల దించుకున్న రోజు లేదు. ఆవిడ చేతుల్లోంచి తన చేతులు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

ఆవిడ కారు మలుపు దాటగానే నిచ్చెన వేసుకుని ఎక్కి, తోకకు పట్టిన పాచి గీకి, ఊడొచ్చిన దూదిని మళ్ళీ పొట్టలోకి దోపి, ఆ పక్షి మెడ విరిచిన అద్దాన్ని రోజూ తుడిచే గుడ్డతోనే దాని గాజు కళ్ళు తుడిచాడు.