భయానికి మార్కులు

పన్ను తీయించుకోవాలంటే పెద్దవాళ్లకు ఎంత భయమో సర్వే కోసం అడిగి మార్కులేయడం జహీరాబాద్ దవాఖానలో నా పని. భయం లేకుంటే ఒకటి, బాగా ఉంటే ఐదు.

ఝరాసంగం ఊరి నుంచి వచ్చిన సుగుణమ్మ కుర్చీలో కూర్చుంది.

“సూదిని చూస్తే ఎట్లుంటది పెద్దమ్మా?”

“ఏం గాదు బిడ్డా.”

“మిషన్ చప్పుడు వింటే?”

“నాకేం భయం? ఒకటే ఎయ్యి.”

పొద్దటి నుంచి అందరిదీ ఇదే మాట. ఎంత ధైర్యమో వీళ్లకని మురిసిపోయాను.

డాక్టర్ సూది అందుకోగానే ఆమె నా చెయ్యి దొరకబట్టింది. గోళ్లు దిగబడ్డాయి.

“ఇది రాయకు బిడ్డా. భయమంటే సారు వాపస్ తోలుతడు. జొన్నరొట్టె నమలక ఎన్నొద్దులాయెనో.”

పొద్దటి నుంచి వేసిన ఒకట్లన్నీ నా ముందే ఉన్నాయి. దిద్దుదామంటే, పెన్ను పట్టిన చెయ్యి ఆమె గుప్పిట్లోనే ఉంది.