పక్కింటి సలహా

"బర్మావాళ్ళు తుపాకులు పక్కనపెట్టి, కూర్చుని మాట్లాడుకోవాలని మన దేశం చెప్పింది!" రాయపూర్ రైల్వే క్వార్టర్ వరండాలో గార్డు భీమారావు పేపరు గొంతెత్తి చదివాడు.

బర్మా పోరు నుంచి ప్రాణాలు దక్కించుకొచ్చిన అక్క సూరమ్మ బియ్యం ఏరుతూ వింటోంది. అన్నతో మాటలు మానేసిన తమ్ముడు బంగారయ్య లోపల సామాను సర్దుతున్నాడు, వేరు పోవడానికి.

పక్కింటి రామయ్య గోడ మీదుగా తొంగిచూశాడు. "భీమారావుగారూ, తమ్ముడితో ఒక్కసారి కూర్చుని మాట్లాడండి."

"ఇది మా ఇంటి లడాయి. పక్కింటోళ్ళకేం పని?"

సూరమ్మ చెయ్యి ఆగింది. "పక్క దేశపోళ్ళకేం పనని రంగూన్‌లోనూ ఇలాగే అన్నారు, తమ్ముడూ."

భీమారావు పేపరు మడిచాడు. లేచి లోపలికెళ్ళాడు. బంగారయ్య తలెత్తకుండా పెట్టెకు తాడు బిగిస్తున్నాడు. బర్మాకు చెప్పినంత సులువుగా నోరు రాలేదు.

"ఒరే... చాయ్ తాగుదాం, రా" అన్నాడు చివరికి.