మూడో గదిలో గళ్ళచొక్కా

“కాస్త వెనక్కి జరగండి!”

గార్డు కేకకి గళ్ళచొక్కా పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. చేతిలోని చిన్న టార్చిని చటుక్కున జేబులో వేసుకున్నాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే, అనుకుంది గార్డు.

ఆ మ్యూజియంలో మూడో గదికి ఆరేళ్ళుగా ఆమే కాపలా. వల అల్లుతున్న జాలరామె బొమ్మ ఉన్నది ఆ గదిలోనే. ఆ ముఖం చూడటానికే జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు.

ఈయన మాత్రం బొమ్మకి ఎదురుగా నిలబడడు. గోడకి చెంప ఆనించి పక్కనుంచి చూస్తాడు. ఫ్రేము వెనక్కి తొంగిచూస్తాడు. చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటాడు.

వరసగా ఇది నాలుగో మంగళవారం.

“ఏం రాస్తున్నారు?”

“ఏం లేదమ్మా. ఊరికే.”

“ఊరికే చూసేవాళ్ళకి టార్చి ఎందుకు?”

ఆయన తటపటాయించాడు. గొంతు తగ్గించాడు.

“ఈ గోడ చెమ్మ పీలుస్తోందమ్మా. బొమ్మని వేరే గదిలోకి మార్చమని మీ పెద్దవాళ్ళకి చెబుతావా? వానలు ముదిరేలోపే.”

“మీకెలా తెలుసు?”

“తెలుసు.”

అంతే. పుస్తకం మూసి బయటికి నడిచాడు.

ఆమె అనుమానం రెట్టింపయింది. బొమ్మ గోడ దిగితేనే కదా దొంగ చేతికి అందేది! నేరుగా అధికారి గదికి వెళ్ళి చెప్పింది.

“మంచిపని చేశావు. ఇక లోపలికి రానివ్వకు,” అన్నాడాయన.

తర్వాతి మంగళవారం గేటు దగ్గరే ఆపేసింది.

“ఒక్క ఐదు నిమిషాలమ్మా. చూసి వెళ్ళిపోతా.”

“కుదరదు. మళ్ళీ వస్తే పోలీసులే.”

ఆయన రోడ్డు దాటేదాకా ఆమె చూస్తూనే ఉంది, బండితో ఎవరైనా కాచుకుని ఉన్నారేమోనని. ఎవరూ లేరు. అదీ అనుమానంగానే తోచింది.

వానలు ముదిరాయి. ఒకరోజు పొద్దున గది తెరిచేసరికి జాలరామె చెంపమీద రంగు పొక్కి, పెచ్చులుగా లేచి ఉంది.

అధికారి పాత ఫైళ్ళన్నీ తిరగేయించాడు. ముప్ఫయ్యేళ్ళ కిందట వరదలో తడిసిన ఆ బొమ్మని ఎవరో పనివాడు బాగుచేశాడట. చిరునామా దొరికింది.

“మీ ఇంటివైపే. ఎలాగైనా వెంటబెట్టుకురా. ఆ కిటుకు ఆయనకే తెలియాలి.”

తలుపు తీసినావిడ సంగతంతా విని తల దించుకుంది.

“నాన్న పోయి ఇరవై రోజులైందండీ.”

వెనక గోడమీద ఫొటో. అందులో గళ్ళచొక్కా పెద్దాయన.

గార్డు ఆ ఫొటో దగ్గరికి నడిచింది.

“బొమ్మ బాగుచేసింది తనేనని... మాతో ఒక్క మాటైనా అనలేదేమండీ?”

“చెప్పనని అప్పటి అధికారికి మాటిచ్చాడు,” అంది కూతురు. “వరదలో ఆ జాలరామె ముఖం మొత్తం కొట్టుకుపోయిందండీ; మీ గదిలో జనం చూసేది మా నాన్న గీసిన ముఖం.”